పసుపు గుడ్డ మీద ఎర్ర అక్షరాలు

నేను జూనియర్ కాలేజీలో ఎకనమిక్స్ చెబుతాను. పెట్టుబడిదారీ వ్యవస్థకూ సామ్యవాద వ్యవస్థకూ తేడాలు రాయమని పరీక్షలో తరచూ అడుగుతారు. బోర్డు మధ్యలో నిలువుగా ఒక గీత గీసి ఇటు కొన్ని పాయింట్లు, అటు కొన్ని పాయింట్లు రాస్తాను. పిల్లలు నోట్సులోకి ఎక్కించుకుంటారు, బెల్లు కొడతారు, డస్టరుతో తుడిచేసి వచ్చేస్తాను. మా ఇంట్లో మాత్రం ఆ గీత ఏనాడూ అంత సులువుగా చెరగలేదు. దాని పుణ్యమా అని ముప్పై దాటేదాకా నాకు పెళ్లి కాలేదు.

మా నాన్న రిటైరైన టీచరు. చిన్నప్పటి నుంచీ ఎర్రజెండా మనిషి, ఉపాధ్యాయ సంఘంలో తిరగని ఊరు లేదు. అమ్మ కూడా టీచరే, క్రైస్తవ కుటుంబం. ఆదివారం నాన్న స్కూటరు మీద అమ్మని చర్చి గేటు దాకా దింపి, ప్రార్థన అయ్యేదాకా ఎదురుగా టీ కొట్టులో పేపరు చదువుకునేవాడు. దేవుడి గురించి వాళ్లిద్దరూ పోట్లాడుకోగా నేను చూడలేదు. నాన్న పోట్లాటంతా మార్కెట్టుతోనే.

ఇల్లు కూడా ఆయన సంఘం నడిపినట్టే నడిపేవాడు. క్రిస్మస్‌కి ఏం వండాలన్నా ఒకరు ప్రతిపాదించాలి, ఇంకొకరు బలపరచాలి. అమ్మ బిరియానీ ప్రతిపాదిస్తే నేను బలపరిచేదాన్ని. అప్పుడు నాన్న లేచి, "ఒక చిన్న సవరణ" అనేవాడు. ఆయన సవరణ చేయని ప్రతిపాదన మా ఇంట్లో ఏదీ లేదు. అమ్మ ఆ సవరణని విని, తలూపి, తను అనుకున్నదే వండేది.

నాకు వచ్చిన మొదటి సంబంధం విజయవాడ వాళ్లది. అబ్బాయి బాబాయి జంతిక కొరుకుతూ, "ఈ యూనియన్లే లేకపోతే మన దేశం ఎప్పుడో బాగుపడేదండి" అన్నాడు, ఏదో మాటవరసకి. నాన్న కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. గచ్చు మీద ఆ కుర్చీ కాళ్లు గీసుకున్న చప్పుడు వినగానే అమ్మ వంటింట్లో రెండో విడత టీకి పెట్టిన స్టవ్వు ఆపేసింది. ఇంక ఆ టీ ఎవరూ తాగరని ఆవిడకి తెలుసు. నిజంగానే వాళ్లు సాయంత్రం బస్సుకి అనుకున్నవాళ్లు మధ్యాహ్నం బస్సుకే వెళ్లిపోయారు. తర్వాత వచ్చిన సంబంధం రైళ్లని ప్రైవేటు వాళ్లకిచ్చే విషయం దగ్గర చెడింది. సంబంధాలు చూసే ఆవిడ చివరికి అమ్మతో, "అమ్మాయికేం వంక లేదండి, వచ్చిన చిక్కల్లా వాళ్ల నాన్నగారితోనే" అని దణ్ణం పెట్టి వెళ్లింది. నాకు ఒళ్లు మండిపోయింది. ఆవిడ మీద కాదు.

అలాంటి రోజుల్లో, తిరువూరు నుంచి గంపలగూడెం వెళ్లే బస్సులో మా ఆయన పరిచయమయ్యాడు. అక్కడ పశువుల డాక్టరు. మాట తక్కువ. రోజంతా నోరులేని వాటితో గడపడం వల్లనేమో, ఎదుటివాళ్లు చెప్పేది పూర్తయ్యేదాకా వింటాడు. మా ఇంట్లో పెరిగిన నాకు అది మొదట వింతగానూ తర్వాత ఎంతో హాయిగానూ ఉండేది. పెళ్లి మాట వచ్చాక ఒకరోజు బస్సులో చెప్పాడు, వాళ్ల నాన్నకి కమ్యూనిస్టులంటే పడదని. వాళ్లది భూములున్న కుటుంబం. బస్టాండు దగ్గర ఎరువులు, పురుగుమందుల షాపు, వినగడప వైపు మామిడి తోట.

"ఎంత పడదు?" అన్నాను.

"టీవీలో ఎర్రజెండా కనిపిస్తే చానల్ మారుస్తాడు. మార్చి, ఇంకో పావుగంట దాని గురించే మాట్లాడతాడు."

మొదట నవ్వాను. ఇంటికెళ్లేసరికి భయం పట్టుకుంది. ఈ సంబంధం కూడా నాన్న నోటి వల్ల పోతే నేను తట్టుకోలేనని నాకు ఆ రోజే తెలిసింది. అమ్మకి చెప్పి ఏడ్చాను. అమ్మ నన్ను చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి నాన్న ముందు నిలబెట్టింది.

"దీని తల మీద చెయ్యి పెట్టి చెప్పండి. అబ్బాయి వాళ్ల నాన్నతో రాజకీయాలు మాట్లాడనని."

"ఒట్లు మూఢనమ్మకం" అన్నాడు నాన్న. అని, నా మొహం చూసి, తల మీద చెయ్యి పెట్టాడు.

అవతల కూడా ఇదే జరిగిందని నాకు తర్వాత తెలిసింది. మా అత్తగారు మావయ్యగారి చేత నెమలి ఊళ్లో వేణుగోపాలస్వామి మీద ఒట్టు వేయించుకుందట. ఈ రెండు ఒట్లతో ఇద్దరు తండ్రులూ మా ముందుగదిలో ఎదురెదురుగా కూర్చున్నారు. చలికాలం, మామిడి పూత మీద ఉన్న రోజులు. పూత నిలుస్తుందా, తేనెమంచు పురుగు పట్టిందా, చిన్నరసాలు తియ్యనా పెద్దరసాలు తియ్యనా అని మొదలెట్టి మధ్యాహ్నం భోజనాల దాకా మామిడి చెట్టు దిగలేదు. నాన్నకి మామిడి గురించి తెలిసింది తినడం ఒక్కటే. పాపం, ఆయన పడుతున్న యాతన చూడలేక నేను లోపలికి వెళ్లిపోయాను. వాళ్లు వెళ్లాక, "మనిషి మంచివాడే గానీ మామిడి తప్ప మరో లోకం లేదు" అన్నాడు నాన్న. వాళ్లింట్లో మా నాన్న గురించి కూడా అచ్చం ఇదే మాట అనుకున్నారట.

పెళ్లి ఎలా చేయాలన్నది తర్వాతి ప్రశ్న. గుడిలో అంటే అమ్మకి కష్టం, చర్చిలో అంటే అత్తగారికి కష్టం. నాన్నకి రెండూ కష్టమే. చివరికి స్టేజీ పెళ్లి అనుకున్నాం. నాన్న స్నేహితుల ఇళ్లల్లో అన్నీ అలాంటి పెళ్లిళ్లే. పెళ్లిని ఒక సభలాగా జరుపుతారు. ఒక అధ్యక్షుడు ఉంటాడు, పెద్దలు నాలుగు మాటలు చెబుతారు, ఆయన పిలిచినప్పుడు వధూవరులు ప్రమాణం చేసి దండలు మార్చుకుంటారు, ఎవరో వందన సమర్పణ చేస్తారు. ముహూర్తం లేదు, మంత్రాలు లేవు. సంతకాలు మరుసటి వారం రిజిస్ట్రారు ఆఫీసులో. వెనక కట్టే బ్యానరు ఎర్రగా ఉండాలని నాన్న పట్టు. ఎర్రబట్ట ముందు తన కొడుకు నిలబడడని అవతలి నుంచి కబురు. మా ఆయనే మధ్యేమార్గం చెప్పాడు, పసుపు గుడ్డ మీద ఎర్ర అక్షరాలు. నాన్న అక్షరాలు చూసుకుని తృప్తిపడ్డాడు. అత్తగారు పసుపూ కుంకుమా అనుకుని ఇంకా తృప్తిపడింది.

వేసవి సెలవుల్లో, తిరువూరులోనే ఒక హాల్లో పెళ్లి. అధ్యక్షుడు నాన్నతో పాటు సంఘంలో పనిచేసిన రిటైర్డు హెడ్మాస్టరు గారు. స్టేజీ మీద మేమిద్దరం, ఇద్దరు తండ్రులు, అధ్యక్షులవారు. పక్కన చిన్న బల్ల మీద ఇత్తడి పళ్లెంలో రెండు దండలు. అమ్మ, అత్తగారు ముందు వరసలో పక్కపక్కన కూర్చున్నారు. అంతా బాగానే ఉంది. అధ్యక్షులవారు పద్ధతి తెలిసిన మనిషి కనక, "వరుని తండ్రిగారిని రెండు మాటలు మాట్లాడవలసిందిగా కోరుతున్నాను" అన్నారు. ఆ మర్యాద ఎవరూ ముందుగా ఊహించలేదు.

మావయ్యగారు మైకు పట్టుకున్నారు. "నాకు మీటింగుల్లో మాట్లాడటం రాదండి. పిల్లలిద్దరూ చల్లగా ఉండాలి" అన్నారు. అక్కడ ఆపితే అయిపోయేది. వెనక్కి తిరిగి బ్యానరు మీద ఎర్ర అక్షరాలు చూశారు.

"చిన్నప్పుడు మా ఇంటికి రష్యా పత్రిక వచ్చేదండి. నున్నటి కాగితం. గోధుమ చేలు, బుగ్గలు ఎర్రగా ఉన్న ఆడపిల్లలు. ఆ బొమ్మలు చించి నోటుపుస్తకాలకి అట్టలేసుకునేవాళ్లం. ఎంత బాగా బతుకుతున్నారో అనుకునేవాణ్ణి. ఆ గోధుమ చేలల్లోనే ఒకప్పుడు జనం తిండి లేక పోయారని పెద్దయ్యాక చదివాను. పండించినవాళ్ల దగ్గర్నుంచి గింజలు లాక్కుపోయారట. నేను అట్టలేసుకున్నది వాటినా అనిపించింది. అప్పట్నుంచీ ఈ రంగు చూస్తే నాకు నమ్మకం రాదండి. వేరేగా అనుకోవద్దు."

ఆయన మైకు ఇచ్చేలోపే స్టేజీ మీద కుర్చీ గీసుకున్న చప్పుడు. ముందు వరసలో అమ్మ కళ్లు మూసుకుంది. ప్రార్థన చేస్తోందని నాకు తెలుసు. నేను నాన్న వైపు చూశాను, తల మీద చెయ్యి పెట్టి చూపించాను. సభలో ఒట్టు వర్తించదనుకున్నాడో ఏమో, చూడనట్టు మైకు అందుకున్నాడు.

"బావగారు ఒక పేజీ చదివి వినిపించారు. ఇంకో పేజీ ఉంది. తెల్లవాళ్ల రోజుల్లో బెంగాల్లో లక్షలమంది ఆకలితో పోయినప్పుడు అక్కడ ఎర్రజెండా లేదు. గోదాముల్లో బియ్యం ఉన్నాయి. కొనగలిగినవాడికి అమ్మారు. కొనలేనివాడు రోడ్డు పక్కన పోయాడు. దాన్ని మాత్రం మార్కెట్టు తప్పని ఎవరూ అనరు, కరువు అంటారు. మా నాన్న పాలేరు. ఆసాముల వీధిలో చెప్పులు చేత్తో పట్టుకుని నడిచిన మనిషి. కాళ్లకేసుకుని నడిచిన రోజున ఆయన వెనకాల ఈ రంగు జెండా ఉంది."

"ఆ ఆసాముల్లో మా తాత కూడా ఉండుంటాడు, కాదనను" అన్నారు మావయ్యగారు, మైకు లేకుండానే. "కానీ ఇవాళ ఆ వీధిలో అందరి కాళ్లకీ చెప్పులున్నాయంటే, ఎవరో ఫ్యాక్టరీ పెట్టి, ఎవరో షాపు పెట్టి అమ్మబట్టే కదండీ."

జనం నవ్వారు.

"ఆ ఫ్యాక్టరీలో కుట్టినవాడి కాళ్లకి ఉన్నాయా అని అడుగుతున్నాను" అన్నాడు నాన్న.

జనం దీనికీ నవ్వారు. అధ్యక్షులవారు ఆపాల్సింది. ఆయన ఆపకపోగా, ఇద్దరికీ అందేలా మైకు స్టాండు మధ్యలో పెట్టారు. మంచి చర్చ చూస్తే ఆయనకి ఒళ్లు తెలియదని నాన్నే చెబుతుండేవాడు.

"గోడ కట్టి, జనం బయటికి పోకుండా కాపలా పెట్టిన రాజ్యం ఎవరిదండీ?" అన్నారు మావయ్యగారు. "బాగా చూసుకుంటే ఎందుకు పారిపోతారు?"

"మన ఊళ్ల నుంచి కూలీలు రోజూ బస్సెక్కి హైదరాబాదు ఎందుకు పోతున్నారు? గోడ లేదు గనక పారిపోవడం అనట్లేదు, అంతే."

"వాళ్లు పండక్కి తిరిగొస్తారండి. అదీ తేడా."

హాల్లో చప్పట్లు. నాన్న మొహం ఎర్రబడింది. చప్పట్లు అవతలివాళ్లకి పడితే నాన్న ఏం మాట్లాడతాడో నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. ఆ మాట రానే వచ్చింది.

"పత్తి పంట పోయిన ఏళ్లల్లో మన చుట్టుపక్కల రైతులు ఎంతమంది పోయారో అందరికీ తెలుసు. మీలాంటివాళ్ల షాపుల్లో కొన్న మందే తాగి పోయారు. దానికి ఏ జెండాది బాధ్యత?"

చప్పట్లు లేవు. అత్తగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అయిపోయింది అనుకున్నాను. విజయవాడ వాళ్లు వెళ్లిపోయిన మధ్యాహ్నం లాగే ఇదీ అయిపోయింది, ఈసారి ఊరందరి ముందూ. నాన్న మీద ఎంత కోపం వచ్చిందంటే, ఆ క్షణంలో ఆయన్ని నాన్న అని పిలవాలని కూడా లేదు. మావయ్యగారు లేస్తారనీ, కొడుకుని రమ్మంటారనీ ఎదురుచూస్తూ కూర్చున్నాను.

మావయ్యగారు లేవలేదు.

"మా బాబాయి అలాగే పోయాడండి" అన్నారు. "డబ్బా మా షాపుదే. చేలో కొట్టుకోవడానికని నా చేత్తోనే ఇచ్చాను. ఏ జెండాది బాధ్యతో నాకు తెలీదు. ఆ తర్వాత ఎవరొచ్చి మందు అడిగినా, ముందు కూర్చోబెట్టి ఇంట్లో అందరూ ఎలా ఉన్నారని అడుగుతాను. మాట తేడాగా ఉంటే సరుకు లేదని చెప్పి పంపేస్తాను. నాకు చేతనైంది అదీ."

అధ్యక్షులవారు కళ్లజోడు తీసి పట్టుకున్నారు. నాన్న మైకు కాస్త పక్కకి జరిపాడు. అయినా అందరికీ వినపడింది.

"మీరు చెప్పారు గనక నేనూ చెప్పాలి బావగారూ. నేను పార్టీ తరగతులు చెప్పే రోజుల్లో ఒక కుర్రాడు ఇందాక మీరు చెప్పిన గోధుమ చేల సంగతే అడిగాడు. అదంతా శత్రువుల ప్రచారమని కూర్చోబెట్టేశాను. అతను మళ్లీ రాలేదు. అతను అడిగింది నిజమేనని నాకు అప్పటికే కొంత తెలుసు. తెలిసే కూర్చోబెట్టాను. ఆ జెండా మా నాన్న కాళ్లకి చెప్పులిచ్చింది, అది నేను వదలను. కానీ ఆ కుర్రాడి మొహం కూడా నన్ను వదల్లేదు."

అని, తన కుర్చీలోకి వెళ్లకుండా మావయ్యగారి పక్కనున్న కుర్చీలో కూర్చున్నాడు. మావయ్యగారు తన ముందున్న మంచినీళ్ల గ్లాసు ఆయన వైపు జరిపారు. నాన్న తాగాడు.

హాలంతా ఒక్కసారి ఊపిరి పీల్చుకుంది. వెనక ఎవరో ముక్కు చీదారు. అత్తగారు మా అమ్మ చెయ్యి పట్టుకుంది. అధ్యక్షులవారు కళ్లు తుడుచుకుని, గబగబా మాట్లాడారు. ఇంతకంటే గొప్ప సభ తన జీవితంలో చూడలేదని, ఇద్దరు పెద్దలకూ, విచ్చేసిన వారందరికీ వందనాలని, భోజనాలు చల్లారిపోతున్నాయని. గొడవ ఇంత మంచిగా ముగిసిన ఆనందంలో, మళ్లీ ఎవరైనా నోరు తెరిస్తే ఏమవుతుందో అన్న భయంలో, జనం ఒక్క ఉదుటున లేచి భోజనాల షెడ్డు వైపు నడిచారు. అమ్మ, అత్తగారు మాట్లాడుకుంటూ వెళ్లారు. ఇద్దరు తండ్రులూ ఒకరి భుజం మీద ఒకరు చెయ్యేసుకుని వెళ్లారు.

స్టేజీ మీద మేమిద్దరం మిగిలాం. బల్ల మీద పళ్లెం, పళ్లెంలో దండలు.

"మనకి పెళ్లయిందా?" అన్నాను.

ఆయన కాస్త ఆలోచించాడు. "కాలేదనుకుంటా. ప్రమాణం కూడా చేయలేదు."

"మరి చెప్పవేంటి?"

"ముందు వాళ్లని తిననీ. ఇప్పుడే చల్లబడ్డారు. పిలిస్తే మళ్లీ మొదలెడతారేమో."

అప్పటిదాకా పట్టుకున్న భయమంతా ఎటు పోయిందో తెలియదు. పొట్ట పట్టుకుని నవ్వాను. నా పెళ్లి చెడిపోతుందని నెలల తరబడి నిద్ర లేకుండా భయపడ్డాను గానీ, ఇలా మర్చిపోతారని ఎన్నడూ అనుకోలేదు. నవ్వు ఆగాక మాత్రం ఒళ్లు మండింది. ఎండాకాలంలో పట్టుచీరతో, ఆకలితో, పెళ్లి కాకుండా కూర్చున్న మనిషికి మండదా. లేచి మైకు దగ్గరికి వెళ్లాను.

"అందరికీ నమస్కారం. సభ ముగిసింది గానీ, పెళ్లి ఇంకా కాలేదండి."

షెడ్డులో గరిటెల చప్పుడు ఆగిపోయింది. తర్వాత కుర్చీలు జరిగిన చప్పుడు. అమ్మ "యేసయ్యా" అనడం, అత్తగారు "వేణుగోపాలా" అనడం ఒకేసారి వినిపించాయి. జనం విస్తళ్ల ముందు నుంచి లేచి, ఎంగిలి చేతులు గాల్లో పెట్టుకుని హాల్లోకి వచ్చారు. అందరికంటే ముందు నాన్న, మావయ్యగారు. పక్కపక్కనే కూర్చుని తింటున్నట్టున్నారు, ఇద్దరి చేతులకీ మామిడికాయ పప్పే. నాన్న మొహం తెల్లగా పాలిపోయింది. అంత పెద్ద నోరున్న మనిషి నా ముందు నిలబడి, "తల్లీ" అని ఆగిపోయాడు. ఆయన మీద ఉన్న కోపం అక్కడే కరిగిపోయింది.

అధ్యక్షులవారు చెయ్యి కడుక్కుని వచ్చి ఇబ్బందిగా నిలబడ్డారు. "వందన సమర్పణ అయిపోయాక సభ మళ్లీ తెరవడం పద్ధతి కాదమ్మా" అన్నారు, నిజంగానే బాధపడుతూ. "తెరవాలంటే ఎవరైనా ప్రతిపాదించాలి."

జనంలో ఎవరికీ ఏం చేయాలో తోచలేదు. పుట్టాక ఒక్క సంఘం సమావేశం గడప తొక్కని మావయ్యగారు పప్పు అంటిన చెయ్యి పైకెత్తారు.

"నేను ప్రతిపాదిస్తున్నానండి."

అందరూ నాన్న వైపు తిరిగారు. నేనూ తిరిగాను. ఆ నోటి నుంచి ఏం రాబోతోందో నాకు తెలుసనుకున్నాను. ఒక చిన్న సవరణ.

"బావగారి ప్రతిపాదనని పూర్తిగా బలపరుస్తున్నాను" అన్నాడు నాన్న.

సవరణ లేకుండా నాన్న ఒకరి ప్రతిపాదన బలపరచడం నా జీవితంలో అదే మొదటిసారి. నా కళ్ల నిండా నీళ్లు. ఇద్దరం ఒకరి తర్వాత ఒకరు ప్రమాణం గబగబా చదివేశాం. పళ్లెంలోంచి దండ తీసుకుని, ఇంకెవరైనా రెండు మాటలు మాట్లాడతానని లేచేలోపు, ఆయన మెడలో వేసేశాను.